హెచ్-ఇండెక్స్ 16 ఉందని ఒక ఇమ్యునాలజిస్టుకు ప్రొఫెసర్ పోస్టు ఆపడం న్యాయమేనా?

తరమణి పోస్ట్‌డాక్ (శనివారం రాత్రి 10:20)

చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లలో ల్యాబుల్లో పని చేసేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు, డాక్టర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఈ విషయం మీ ముందు పెడుతున్నాను. సంస్థ పేరు, మనుషుల పేర్లు రాయను. దయచేసి అడగకండి.

మా మేడమ్ ఇమ్యునాలజిస్టు, అంటే రోగనిరోధక వ్యవస్థ మీద పరిశోధన చేసేవారు. ఇరవై రెండేళ్లుగా బోదకాలు మీదే పని. ఫైలేరియా పురుగు ఒంట్లో ఉన్నవాళ్లలో చాలామందికి కాలు వాయదు, పైకి ఏమీ కనబడదు. కొద్దిమందికి మాత్రం కాలు ఏనుగు కాలంత అయిపోతుంది. అదే ఊరు, అవే దోమలు, ఒక్కోసారి ఒకే ఇంట్లో అన్నదమ్ములు. ఎందుకీ తేడా? మన రోగనిరోధక వ్యవస్థను ఆ పురుగు ఏళ్ల తరబడి ఎలా జోకొట్టి పడుకోబెడుతుంది? మేడమ్ కెరీర్ అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఈ పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఈ పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి. రాత్రి పది దాటాక, దోమ కుట్టే వేళకు, చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. కాబట్టి శాంపిల్ కావాలంటే మనమే రాత్రిపూట ఊరికి పోవాలి. కాంచీపురం దాటాక ఒక ఊళ్లో అరుగు మీద టార్చి లైటు పెట్టుకుని, నిద్ర లేపినందుకు విసుక్కునే ముసలివాళ్లకు నచ్చజెప్పి, రక్తం తీసుకుని ల్యాబుకు చేరేసరికి రెండున్నర అవుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు పని. ట్యూబులో ఫైకాల్ ద్రావణం పోసి, దాని మీద రక్తం కలిసిపోకుండా గోడ వెంట సన్నగా జారవిడవాలి. చెయ్యి వణికిందా, ఆ శాంపిల్ పోయినట్టే. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీస్తే మధ్యలో ఒక తెల్లటి వలయం కనిపిస్తుంది, పాల మీద మీగడ అప్పుడే కడుతున్నట్టు. మాకు కావలసిన కణాలు అందులోనే ఉంటాయి. ఆ పొరను పైకి తీసే పని యాభై దాటినా మేడమ్ ఇప్పటికీ తన చేతులతోనే చేస్తారు. అవే కుటుంబాలను పదకొండేళ్లుగా వెంట ఉండి చూస్తున్నారు.

మొన్న ప్రమోషన్ ఇంటర్వ్యూ జరిగింది. మొదటి ప్రశ్న: "మీ హెచ్-ఇండెక్స్ ఎంత?" పదహారు. అంటే కనీసం 16 సార్లు చొప్పున ఇతరులు ఉదహరించిన పేపర్లు ఆమెకు 16 ఉన్నాయని. ఇంకో అభ్యర్థికి 38. ఇరవై నిమిషాల్లో ఆ పదకొండేళ్ల పని గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదట. పోస్టు ఆయనకు ఇచ్చారు. ఆయన పని తక్కువని నేను అనడం లేదు. కాకపోతే ఆ 38లో ఇతరుల పనిని కలిపి రాసే రివ్యూ పేపర్లు ఎన్ని, ఎనభై మంది రచయితలున్న కోవిడ్ పేపర్లు ఎన్ని అని ఎవరూ చూడలేదు.

నా దృష్టిలో ఇది తప్పు. మీరేమంటారు?

గిండీ లైబ్రేరియన్ (శనివారం రాత్రి 11:05)

తమ్ముడూ, మీ మేడమ్ మీద గౌరవంతోనే చెప్తున్నాను, నేను నంబర్ల వైపు మనిషిని. అందుకు కారణం ఉంది.

1994లో కావలి నుంచి వచ్చి ఇక్కడ ఒక ఇంటర్వ్యూకి కూర్చున్నాను. సంస్థ ఏదైతేనేం. నా పేపర్లు టేబుల్ మీద పెట్టాను. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. "ఎవరి స్టూడెంటువి?" అన్నారు. చెప్పాను. ఆ పేరు వాళ్లకు తెలియదు. "మీది ఏ ఊరు, మీ వాళ్లు ఏం చేస్తారు?" అన్నారు. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో మీకు విడమరచి చెప్పక్కర్లేదు. ఉద్యోగం వచ్చినవాడి పేరు ముందు రోజే బయట అనుకుంటున్నారు. ఆ రోజు నా చేతిలో, గైడు పేరుతోనూ ఊరి పేరుతోనూ పని లేని ఒక్క నంబర్ ఉండి ఉంటే దాన్నే వాళ్ల ముందు పెట్టేవాణ్ణి.

సైన్స్ వదిలేసి లైబ్రరీలో చేరాను. సైటేషన్ లెక్కలన్నీ, అంటే ఎవరి పేపర్‌ను ఎవరు ఉదహరించారన్న లెక్కలు, అక్కడే నేర్చుకున్నాను. యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ఆలోచన చెప్పి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఆ వాల్యూములు ఎత్తి దించితే నడుము పట్టేసేది. పంచాంగంలో ఉన్నట్టు సన్నటి అచ్చు. ఒక పాత పేపర్ పట్టుకుని, దాన్ని ఆ తరవాత ఎవరెవరు వాడుకున్నారో వెతకడానికి చేసిన పుస్తకం అది. మనుషులకు మార్కులు వేయడానికి చేసింది కాదు, ఒప్పుకుంటాను. 2005లో హెచ్-ఇండెక్స్ కనిపెట్టిన హిర్ష్ కూడా ఫిజిక్స్ ఆయన, ఇమ్యునాలజీ మనిషి కాదు. అయినా సరే, పేరున్న గైడ్ లేనివాడికి, పట్నం ఇంగ్లీషు రానివాడికి అది ఒక ఆసరా. దాన్ని తీసేస్తే ఆ ఖాళీలోకి మళ్లీ "మనవాడేనా?" అన్న ప్రశ్నే వచ్చి కూర్చుంటుంది.

వేళచ్చేరి పీహెచ్‌డీ (శనివారం రాత్రి 11:31)

నేను ఈ ఏడాదే చేరాను. గైడ్‌ను ఎంచుకోవడానికి రెండు నెలలు టైమ్ ఇచ్చారు. సీనియర్లందరూ గూగుల్ స్కాలర్ తెరిచి హెచ్-ఇండెక్స్ ఎక్కువున్న వాళ్ల దగ్గర చేరమంటున్నారు. అలాంటి ఒక ల్యాబ్‌లో నెల రోజులు ఉండి చూశాను. చేరి ఏడాదైనా పిపెట్ పట్టని స్టూడెంట్లు ఇద్దరున్నారు. వాళ్లతో రివ్యూ పేపర్లే రాయిస్తున్నారు, ఎందుకంటే రివ్యూలకు సైటేషన్లు తొందరగా వస్తాయట. ప్రతి దాంట్లో ల్యాబ్ పాత పేపర్లు ఇన్ని ఉండాలని ముందే లిస్ట్ ఇస్తారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఎలా ఎంచుకోవాలో ఎవరైనా చెప్పగలరా?

టి.నగర్ డాక్టరమ్మ (ఆదివారం ఉదయం 7:15)

నేను కీళ్లవాతం డాక్టర్ని. నిన్న క్లినిక్‌లో నలభై మందిని చూశాను. వాళ్లలో సగం మందికి పైగా రాసిన మాత్ర మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని చీటీ మీద "ఆదివారం మాత్రమే" అని పెద్ద అక్షరాలతో రాసి, చుట్టూ గీత గీసి, వెంట వచ్చింది కూతురా కోడలా అని అడిగి ఆమె చేత కూడా చదివిస్తాను. ఒళ్లు తన మీద తానే చేసే దాడిని అదుపులో పెట్టడానికి ఈ మందు. నోటిపుండ్లు రాకుండా మర్నాటికి ఫోలిక్ యాసిడ్ రాస్తాను.

ఈ రెండు మాత్రల వెనకా, తరమణి బాబూ మీ మేడమ్ పేషెంట్లు వేసుకునే ఫైలేరియా మందు హెట్రజాన్ వెనకా ఉన్నది ఒకే టీమ్. లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో దాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన చదివింది ఇక్కడే, మద్రాసు మెడికల్ కాలేజీలో. ఖద్దరు వేసుకున్నందుకు ఎంబీబీఎస్ ఇవ్వకుండా దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. నేనూ అదే కాలేజీ. ఆ వరండాల్లో నడిచిన ప్రతిసారీ ఆ సంగతి నాకు గుర్తుకొస్తుంది.

ఆయన సైటేషన్లు చూడండి. ఫిస్క్‌తో కలిసి 1925లో రాసిన పేపర్, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి, సైన్స్ చరిత్రలోనే బాగా ఎక్కువ సార్లు ఉదహరించిన వాటిలో ఒకటి. అది కొలిచే పద్ధతి కాబట్టి వాడిన ప్రతివాడూ పేరు రాశాడు. లౌరీ 1951లో రాసిన ప్రొటీన్ కొలిచే పేపర్‌కు మూడు లక్షలకు పైగా సైటేషన్లు ఉన్నాయి, అందరికంటే ఎక్కువ. అదీ అంతే. కానీ నేను నిన్న మెథోట్రెక్సేట్ రాసిన చీటీల్లో ఒక్కటి కూడా సుబ్బారావు గారి లెక్కలోకి రాదు. సైటేషన్ అనేది ఒక సైంటిస్టు పేపర్ మరో సైంటిస్టు పేపర్‌లో ఎన్నిసార్లు కనబడిందో చెప్తుంది. అంతకు మించి చెప్పదు. కీళ్లు విప్పుకుని లేచి నడిచినావిడ అందులో లేదు.

అంబత్తూర్ కిట్ల కంపెనీ (ఆదివారం ఉదయం 9:40)

పేపర్లు చదివి వాటి ఆధారంగా టెస్ట్ కిట్లు చేయడం మా పని. ఎక్కువ సైటేషన్లు ఉంటే నమ్మేయొచ్చు అనుకుని మొదట్లో చాలా డబ్బు పోగొట్టుకున్నాం. ఇది మా ఒక్కరి బాధ కాదు. 2012లో ఆమ్‌జెన్ కంపెనీవాళ్లు క్యాన్సర్‌కు సంబంధించి 53 పేరున్న పేపర్లను మళ్లీ చేసి చూస్తే, నిలబడినవి ఆరే. మిగతావాటినీ అప్పటిదాకా జనం ఉదహరిస్తూనే ఉన్నారు.

తరమణి పోస్ట్‌డాక్ (ఆదివారం ఉదయం 11:10)

గిండీ అన్నా, మీ ఇంటర్వ్యూ సంగతి రెండుసార్లు చదివాను. ఆ భయం నిజమే, దాన్ని కొట్టిపారేయను. కానీ నంబర్ కూడా గాలివాటమే అన్నా, మా రంగం కథే చెప్తాను.

1970ల్లో "సప్రెసర్ టీ కణాలు" అని ఒక పెద్ద ఊపు వచ్చింది (టీ కణం అంటే ఒక రకం తెల్ల రక్తకణం). రోగనిరోధక వ్యవస్థకు బ్రేకు వేసే కణాలు ఇవేనన్నారు. పేరున్న ల్యాబులన్నీ అందులోనే. ఒకరి పేపర్‌ను ఒకరు ఉదహరించుకున్నారు. ఆ కణాల వెనక ఐ-జె అనే జన్యువు ఉందన్నారు. 1980ల మొదట్లో ఎలుక డీఎన్ఏలో ఆ జన్యువు ఉండాల్సిన చోటును విప్పి చూస్తే అక్కడ అలాంటిదేమీ లేదు. రంగం మొత్తం కూలిపోయింది. ఆ తరవాత చాలా ఏళ్లు "సప్రెసర్" అన్న మాట పేపర్‌లో రాయడానికే జంకేవారు.

ఆ రోజుల్లో జపాన్‌లో షిమోన్ సకగుచి అనే ఆయన, బ్రేకు వేసే కణాలు ఉన్నాయి, మనం వెతికిన పద్ధతే తప్పు అని పట్టుబట్టి కూర్చున్నాడు. 1995లో తేల్చి చూపించాడు. సీడీ25 అనే గుర్తు ఉన్న టీ కణాలను తీసేస్తే ఎలుకకు తన ఒంటి మీద తనకే దాడి మొదలవుతుంది, తిరిగి ఇస్తే ఆగుతుంది. అది అచ్చయింది నేచర్‌లో కాదు, జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీలో. మా కమిటీ లెక్కన అది రెండో వరస పత్రిక.

ఇంకో ముక్క కూడా ఉంది. స్కర్ఫీ అనే ఎలుకలు ఉండేవి. మగపిల్లలు చర్మం పొలుసులు రేగి కొద్ది వారాల్లోనే చచ్చిపోయేవి. ఎందుకో కనిపెట్టడానికి మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఒక కంపెనీలో కూర్చుని ఎక్స్ క్రోమోజోమ్ మీద వెతుకుతూ వెతుకుతూ చివరికి ఇరవై జన్యువుల దాకా తగ్గించారు. ఒక్కొక్కటీ చూస్తూ పోయారు. దొరికింది ఇరవయ్యో దాంట్లో, అంటే ఆఖరిది. ఫాక్స్‌పీ3. 2001లో అచ్చేశారు. సకగుచి కణాలకు అసలు తాళంచెవి ఇదేనని తరవాత తేలింది. ముగ్గురికీ కలిపి 2025లో నోబెల్ వచ్చింది. బ్రంకో గారు యూనివర్సిటీ ప్రొఫెసర్ కూడా కాదు.

1980లో ఒక కమిటీ సైటేషన్లు లెక్కపెట్టి ఉంటే ఎవరికి పోస్టు ఇచ్చేది? ఐ-జె వాళ్లకే కదా. మా మేడమ్ చూస్తున్నది కూడా ఈ బ్రేకు కణాలనే. ఫైలేరియా పురుగు వాటిని ఎలా వాడుకుంటుందన్నదే ఆమె వెతుకుతున్నది.

ఇంకో ఉదాహరణ, చిన్నది. 1956లో బ్రూస్ గ్లిక్ కోడిపిల్లల్లో బర్సా అనే చిన్న అవయవాన్ని కోసేస్తే యాంటీబాడీలు రావని చూపించాడు. సైన్స్ పత్రిక తిప్పి పంపేసింది. పౌల్ట్రీ సైన్స్‌లో వేసుకున్నాడు, కోళ్లవాళ్లు చదివే పత్రికలో. యాంటీబాడీలు తయారుచేసే కణాన్ని ఇవాళ ప్రపంచమంతా పలికే "బీ కణం" అన్న పేరులో ఆ "బీ" ఆ బర్సాదే.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఒక పత్రికలోని పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె, దాని సంగతి కూడా ఒక్క మాట. లాన్సెట్‌కు 2020లో 79 ఉండేది, 2021లో 202 అయింది. ఒక్క ఏడాదిలో ఎడిటర్లు అంత గొప్పవాళ్లైపోయారా? కోవిడ్ పేపర్లను అందరూ ఉదహరించారు, అంతే.

గిండీ లైబ్రేరియన్ (ఆదివారం మధ్యాహ్నం 12:25)

బాగా రాశావు తమ్ముడూ, కానీ ఇందులో ఒక పెద్ద లొసుగు ఉంది. నువ్వు చెప్పినవన్నీ గెలిచినవాళ్ల కథలు. రెండో వరస పత్రికలో అచ్చయిన పేపర్లు లక్షల్లో ఉన్నాయి. వాటిలో సకగుచిలు ఎందరు? సైటేషన్లు తక్కువ ఉన్న పేపర్లలో ఎక్కువ భాగం తక్కువగా ఉండటానికి కారణం వాటితో ఎవరికీ పని పడకపోవడమే. ఇది చేదు మాటే, ముప్పై ఏళ్లు బీరువాల మధ్య తిరిగి చూసి చెప్తున్నాను. దశాబ్దాలుగా ఎవరూ తెరవని సంచికలు ఇప్పటికీ ఆ అరల్లో ఉన్నాయి.

పైగా గ్లిక్ పేపర్‌ను చివరికి అందరూ ఉదహరించారు కదా? సకగుచిది కూడా. అంటే సైటేషన్ అబద్ధం చెప్పలేదు, ఆలస్యంగా చెప్పింది.

తరమణి పోస్ట్‌డాక్ (ఆదివారం మధ్యాహ్నం 12:50)

ఆలస్యమే అసలు సమస్య అన్నా. ప్రమోషన్ యాభైకి వస్తుంది. సైటేషన్ అరవై ఐదుకు వస్తే ఆమె రిటైరై ఇంట్లో ఉంటారు, ల్యాబ్ మూతపడి ఉంటుంది, ఆ ఫ్రీజర్లలో పదకొండేళ్ల రక్తం శాంపిల్స్ ఎవరు కాపాడతారు? ఎంఆర్ఎన్ఏ మీద పని చేసిన కాటలిన్ కరికో గారిని 1995లో యూనివర్సిటీ కింది పోస్టుకు దించింది. 2005లో ఆమె, వైస్‌మన్ కలిసి రాసిన ఎంఆర్ఎన్ఏ పేపర్‌ను నేచర్ వద్దంటే ఇమ్యూనిటీ అనే పత్రికలో వేశారు. కోవిడ్ టీకాలు వచ్చేదాకా దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2023లో నోబెల్. ఆవిడ తట్టుకుని నిలబడ్డారు, సరే. అందరూ నిలబడగలరా?

గెలిచినవాళ్ల కథలే అన్న మాట మాత్రం నిజం. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

తిరువళ్లూర్ వాసి (ఆదివారం సాయంత్రం 5:30)

నేను సైంటిస్టుని కాదు, రైల్వేలో పని. కానీ ఇది చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా నాన్న టీబీ టీకా బీసీజీ ట్రయల్‌లో ఫీల్డ్ వర్కర్. 1968లో మొదలైంది, అప్పటి చెంగల్పట్టు జిల్లాలో, మా తిరువళ్లూరు చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో. రెండున్నర లక్షలకు పైగా జనానికి సూది వేశారు. కొందరికి బీసీజీ, కొందరికి మందు లేని సూది. ఎవరికి ఏది వేశారో వేసినవాళ్లకూ తెలియదు, వేయించుకున్నవాళ్లకూ తెలియదు. నాన్న సైకిల్ మీద ఇంటింటికీ తిరిగేవాడు. ముంజేతి మీద టెస్టు సూది వేసిన మూడో రోజు మళ్లీ వెళ్లి, ఆ గట్టిపడిన వాపును పారదర్శకమైన స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలిచి రాయాలి. నా చిన్నప్పుడు ఆ స్కేలు మా ఇంట్లో ఉండేది. దోమ కుడితే వాపు ఎంతుందో దాంతో కొలుచుకుని ఆడుకునేవాళ్లం. పొద్దున్నే కళ్లె పట్టడానికి డబ్బాలు ఇచ్చి రావడం, ఎక్స్-రే వ్యాన్‌కు జనాన్ని తీసుకురావడం, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అవే గడపలు. మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, నాన్న ఊళ్లో తమిళం మాట్లాడేవాడు. "సూది మేష్టారు" అనేవాళ్లు.

1979లో మొదటి ఫలితం వచ్చింది. పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల టీబీని ఈ సూది ఆపలేదని. నాన్న రెండు రోజులు సరిగా అన్నం తినలేదని అమ్మ చెప్పేది. అన్ని వేల ఇళ్ల గడపలెక్కి తిరిగింది పనికిరాని మందు కోసమా అని. తరవాత ఆఫీసులో డాక్టర్లు కూర్చోబెట్టి చెప్పారట, ఇది పనిచేయదని తెలుసుకోవడం కూడా ప్రపంచానికి కావలసిందేనని. పసిపిల్లలకు మెదడుకు సోకే టీబీ లాంటి ప్రమాదకరమైన వాటి నుంచి కాపాడుతుంది కాబట్టి వాళ్లకు ఇప్పటికీ వేస్తున్నారు. పెద్దవాళ్లకు కొత్త టీకా వెతకాలి అనడానికి ఒక గట్టి ఆధారం మా ఊళ్లలో దొరికింది. పదిహేనేళ్ల పూర్తి లెక్క 1999లో మన ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది.

మొదలుపెట్టింది 1968లో, పూర్తి లెక్క అచ్చయింది 1999లో. ఇవాళ ప్రతి ఏడాదీ ఇన్ని పేపర్లు, ఇన్ని సైటేషన్లు చూపించాలంటే ఏ సైంటిస్టు ఇలాంటి పని మొదలుపెడతాడు సార్? గిండీ అన్నగారూ, ఇది మిమ్మల్నే అడుగుతున్నాను.

టి.నగర్ డాక్టరమ్మ (ఆదివారం సాయంత్రం 6:05)

తిరువళ్లూర్ అన్నా, మీ నాన్నగారికి నా నమస్కారం. ఆ ట్రయల్ గురించి మాకు ఫైనల్ ఇయర్‌లో పాఠం ఉండేది. చేత్‌పట్‌లోని టీబీ సెంటర్ 1959లో తేల్చిన సంగతి కూడా అలాంటిదే, శానటోరియంలో పడుకోబెట్టినా ఇంట్లో ఉంచి మాత్రలిచ్చినా టీబీ ఒకేలా తగ్గుతుందని. ఆ ఒక్క పనితో మన దేశంలో ఎంతమంది ఇల్లూ పనీ వదిలిపెట్టి ఆస్పత్రిలో ఉండాల్సిన అవసరం తప్పిందో. 1986లో మన దేశంలో హెచ్ఐవీ ఉందని మొదట తేల్చింది కూడా ఈ ఊళ్లోనే. మద్రాసు మెడికల్ కాలేజీలో సునీతి సాలమన్ గారు, ఆమె స్టూడెంట్ నిర్మల గారు. శాంపిల్స్‌ను వెల్లూరు పట్టుకెళ్లి టెస్ట్ చేయించారు. "ఇక్కడ ఎందుకుంటుంది ఆ జబ్బు" అనుకునే రోజుల్లో.

గిండీ లైబ్రేరియన్ (ఆదివారం రాత్రి 8:45)

తిరువళ్లూర్ తమ్ముడూ, అడిగావు కాబట్టి నేరుగా చెప్తాను. మొదలుపెట్టడు. ఏడాదికోసారి లెక్క చెప్పమనే పద్ధతిలో 31 ఏళ్ల పని పుట్టదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది.

అయినా హెచ్-ఇండెక్స్ తీసేయమని మాత్రం నేను అనను. ఒంటరిగా వాడొద్దంటాను. నంబర్ చూసినప్పుడు మూడు సంగతులు అడగాలి. ఏ రంగం? ఫైలేరియా మీద పని చేసేవాళ్లు ప్రపంచంలో ఎందరు, క్యాన్సర్ ఇమ్యూనోథెరపీ మీద ఎందరు? ఉదహరించేవాళ్లే వందమంది ఉన్న చోట 16 అంటే చిన్న అంకె కాదు. రంగాన్ని బట్టి సరిచేసి చూసే లెక్కలు ఉన్నాయి, మా లైబ్రరీవాళ్లు చేసి ఇవ్వగలరు. తరవాత, రివ్యూలు తీసేస్తే ఎంత మిగులుతుంది? ఎనభై మందిలో నలభయ్యో పేరు ఉన్న పేపర్లు తీసేస్తే ఎంత? చివరగా, తన పేపర్ తనే ఉదహరించుకున్నవి ఎన్ని?

ఇంటర్వ్యూకి ముందే అభ్యర్థి అయిదు పేపర్లు ఎంచి ఇవ్వాలి. కమిటీ వాటిని చదివి రావాలి. చదివారో లేదో తెలిసేలా రాతపూర్వకంగా అభిప్రాయం రాయాలి. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సైంటిస్టులు కూర్చుని రాసిన డిక్లరేషన్ కూడా ఇదే అడుగుతుంది. పత్రిక పేరు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి మనిషిని అంచనా వేయొద్దు, పనిని చూడమంటుంది. రాతపూర్వకంగా అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, నోటిమాట మీద వదిలేస్తే 1994లో నన్ను అడిగినవే మళ్లీ అడుగుతారు.

తరమణి తమ్ముడూ, అప్పీల్ చేసుకోవడానికి గడువు ఉందా? ఉంటే మేడమ్ పేపర్ల లిస్ట్ పంపించు. ఈ మూడు లెక్కలూ నేను చేసి పెడతాను.

తరమణి పోస్ట్‌డాక్ (ఆదివారం రాత్రి 10:15)

ఇంకో పన్నెండు రోజులు ఉంది అన్నా. చాలా థాంక్స్. ఈ చర్చ మేడమ్‌కు చూపించాను. మొదట అప్పీల్ వద్దన్నారు. తిరువళ్లూర్ అన్న రాసింది చదివాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత అయిదు పేపర్లు ఆమే రాసిచ్చారు. అందులో రెండు, ఫలితం రాలేదని తేలినవి. వాటికి సైటేషన్లు మూడు, ఏడు. నేను వద్దన్నాను, కమిటీ నవ్వుతుందన్నాను. ఆ రెంటికే ఆరేళ్లు పట్టింది, అవి తీసేస్తే నేను ఏం చేశానో వాళ్లకు అర్థం కాదు అన్నారు. అవి ఉంచాలా?

వేళచ్చేరి అమ్మాయికి: నీ ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు, సారీ అమ్మా. నేనైతే ఇలా చేస్తాను. ఆ ల్యాబ్ నుంచి బయటికొచ్చిన పాత స్టూడెంట్లు ముగ్గురికి ఫోన్ చెయ్యి. ప్రయోగం ఫెయిలైన రోజు గైడ్ ఏమన్నారు అని మాత్రం అడుగు. తరవాత ల్యాబుకు వెళ్లి ఫ్రీజర్ తలుపు తెరవమను. ఏ పెట్టెలో ఎవరి శాంపిల్, ఏ తేదీది అని రాసిన పేపర్ అంటించి ఉందో లేదో చూడు. అది సరిగ్గా ఉన్న చోట పని జరుగుతోందని నమ్మొచ్చు. హెచ్-ఇండెక్స్ ఆ తరవాత చూసుకో.

వేళచ్చేరి పీహెచ్‌డీ (ఆదివారం రాత్రి 10:32)

చాలా థాంక్స్ అన్నా. రేపే రెండు ఫోన్లు చేస్తాను. ఇంకొకటి అడగొచ్చా, మీ మేడమ్ ఈ ఏడాది స్టూడెంట్లను తీసుకుంటున్నారా?

గిండీ లైబ్రేరియన్ (ఆదివారం రాత్రి 10:50)

ఉంచు తమ్ముడూ, ఆ రెండూ ఉంచు. లిస్టులో మొదట అవే పెట్టు. ఒక్కోదాని కింద ఏ ఊళ్లో, ఎందరిని, ఎన్నేళ్లు చూశారో రెండు వాక్యాలు రాయి. శనివారం పదకొండుకు కోట్టూర్‌పురం అన్నా సెంటినరీ లైబ్రరీ గేటు దగ్గర ఉంటాను. మేడమ్ కూడా రాగలిగితే రమ్మను. తిరువళ్లూర్ తమ్ముడూ, మీ నాన్నగారి ఆ స్కేలు ఇంకా ఉంటే తీసుకురా, ఒకసారి చూడాలని ఉంది.